ఒక్కళ్ళూ ఫిర్యాదు చెయ్యని బండి

ఆ ఉదయం యేసుపాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తినడం, కొత్తగా కొన్న పాత బండిలో భార్యను ఎక్కించుకుని ఏటికొప్పాక వెళ్ళడం, ఆవిడను వాళ్ళ అక్కతో మాట్లాడించి మధ్యాహ్నం భోజనానికల్లా అనకాపల్లి తిరిగి వచ్చేయడం. కబురు చెయ్యకుండా వెళ్ళాలని కూడా అతనే అనుకున్నాడు. చెబితే వదినగారు తలుపులు వేసుకుంటుందని భయం.

ఆరోగ్యమేరికీ ఆమె అక్క సలోమికీ మాటల్లేక చాలా ఏళ్ళయింది. తల్లి పోయినప్పుడు వరాహ నది పొంగి బస్సులు ఆగిపోయాయి. ఆరోగ్యమేరి నడుములోతు నీళ్ళలో పడి ఏటికొప్పాక చేరేసరికి పెట్టె మూసేశారు, మట్టి కూడా వేసేశారు. ఆఖరి చూపు దక్కలేదు. "నాకోసం ఆగకుండా అమ్మని మూసేసేవు. నా సావుకి నువ్వు రావద్దు," అంది ఆ సమాధి దగ్గరే. "నువ్వు పిల్సినా రాను," అంది సలోమి. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు.

అప్పటి నుంచీ ఆరోగ్యమేరికి వీడ్కోలు అంటే వణుకు. యేసుపాదం కొత్తిమీర కోసం బయలుదేరినా గేటు పట్టుకుని, అతను వీధి మలుపు తిరిగేదాకా చూస్తుంది. ఈ మధ్య ఒకటే దిగులు పట్టుకుంది. అక్కాచెల్లెళ్ళలో ఎవరు ముందు పోయినా రెండోది ఇంట్లోనే కూర్చోవాలి కదా అని.

బండి సంగతి వేరు. చక్కెర మిల్లులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ యేసుపాదం సైకిల్ తొక్కాడు, కానీ కొండలెక్కే బండి కావాలని కలలు కన్నాడు. అనకాపల్లి పక్కన ఉన్నది బొజ్జన్నకొండ, దానికి మెట్లున్నాయి. అయినా సరే రిటైరవగానే బ్రోకరు దేముడి దగ్గర ఒక పెద్ద నల్ల బండి కొన్నాడు. ఎత్తైన చక్రాలు, నాలుగు చక్రాలూ లాగేలా గేరు పక్కన ఇంకో లివరు, చూస్తేనే దారిలో ఉన్నవాడు పక్కకి తప్పుకునే రూపం.

"ఒకే ఓనరు బావా. రాయవరం వైపు పెద్దమనిసి," అన్నాడు దేముడు. "ఎంత నెమ్మదిగా తోలేవోడంటే, హారనే కొట్టి ఎరగడు. బురదలోకి, సేల గట్ల మీదకి యెల్లిపోద్ది. ఎనకెక్కినోళ్ళు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కుదుపని ఫిర్యాదు సెయ్యలేదు."

నిజంగానే మంచి బండి. కాకపోతే కొన్ని గుణాలున్నాయి. వెనక సీట్లు బండికంటే కొత్తగా ఉండేవి. అద్దాలు ఎన్నిసార్లు కడిగినా లోపల అగరొత్తుల వాసన పోయేది కాదు. ఏసీ వేస్తే గాలితోపాటు ఎండిన బంతి రేకులు వచ్చి ఒళ్ళో పడేవి. నాలుగో గేరులో ఇంజను దగ్గి, మూలిగి, మొరాయించేది. రెండో గేరులో మనిషి నడిచే వేగంతో పొమ్మంటే మాత్రం ఎంత దూరమైనా హాయిగా, చప్పుడు లేకుండా పోయేది.

"దీనికేదో అలవాటుందండీ," అంది ఆరోగ్యమేరి మొదటిరోజే.

"బండికి అలవాట్లేటి? అది బండి," అన్నాడు యేసుపాదం.

ఆ ఉదయం మంచు దట్టంగా ఉంది. ఊరు దాటి హైవే ఎక్కుతుండగా చెరకు లారీ ఒకటి మంచులోంచి కొండలా ఊడిపడింది. యేసుపాదం స్టీరింగు తిప్పేశాడు. చెరకు కొసలు అద్దాన్ని రాసుకుంటూ పోయాయి. లారీ ఎటు పోయిందో తెలియలేదు, శబ్దం కూడా వినిపించలేదు. చుట్టూ తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

కొంతదూరం పోయాక ఆరోగ్యమేరి అడిగింది. "ఏవండీ, ఆ లారీ మనల్ని తగల్లేదు గదా?"

"తగిల్తే నేనెలా తోల్తన్నాను?"

"నేనూ అదే ఆలోచిత్తన్నాను."

యలమంచిలి దాటాక మొదలైంది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న మనిషి బండిని చూసి దిగిపోయాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, బండి దాటేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు గడ్డిమోపులు దించి చేతులు జోడించారు. ఒక ముసలావిడ సిలువ గుర్తు వేసుకుంది. వాళ్ళ చూపులు ముందు సీటులో ఉన్న ఇద్దరి మీద ఆగకుండా, వాళ్ళలోంచి వెనక్కి పోతున్నట్టు ఉన్నాయి.

"సూసేవా, బండంటే ఎంత గౌరవమో," అన్నాడు యేసుపాదం ఛాతీ విరుచుకుని.

"వాళ్ళు మనల్ని సూడ్డం లేదండీ. మనం ఆళ్ళకి కనబడతన్నావా?"

ఆమె వాంతి రాకుండా ప్రయాణపు మాత్ర వేసుకుని, వెనక సీటులోకి మారి పడుకుంది. ఏసీ రేకులు మొహం మీద పడకుండా తెల్ల దుప్పటి తలదాకా లాక్కుంది. క్షణంలో నిద్రపట్టేసింది.

హైవే దిగేచోట సత్తియ్య టీకొట్టు ఉంది. దారి అడుగుదామని యేసుపాదం ఆపాడు. సత్తియ్య బండిని చూడగానే రేడియో కట్టేశాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఎవరింటికి బాబూ?" అన్నాడు సత్తియ్య గొంతు తగ్గించి.

"ఏటికొప్పాకలో లక్కబొమ్మలు సేత్తారు, హనోకు గారింటికి. ఆరి ఆవిడ మా ఆవిడకి అక్క."

సత్తియ్య వెనక అద్దంలోంచి దుప్పటిని చూశాడు. ఆడమనిషి పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి. అతను తల దించుకున్నాడు. టీ ఇచ్చి డబ్బులు పుచ్చుకోలేదు. "ఈ బండికి నేనెప్పుడూ పుచ్చుకోను బాబూ," అని, యేసుపాదం భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి లోపలికి వెళ్ళి ఫోను తీశాడు.

యేసుపాదానికి కళ్ళు చెమర్చాయి. సైకిల్ తొక్కినన్నాళ్ళూ ఈ మర్యాద ఎవరు చేశారు?

ఆ సంతోషంలో అతనికి లివరు గుర్తొచ్చింది. తారురోడ్డు వదిలేసి ఏటి ఇసుకలోంచి అడ్డదారిన పోదామని దింపాడు. లివరు కదల్లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. మంచు ఇంకా విడలేదు. ఏటి అవతల ఒక పిట్ట కూసి ఊరుకుంది. వెనక ఆరోగ్యమేరి కదలకుండా పడుకుని ఉంది. ఆమె ఊపిరి తీస్తోందో లేదో చూడాలని అతనికి ఎందుకో అనిపించింది. చూశాడు. చిన్న గురక వినబడింది.

తల ఎత్తేసరికి చెరకు తోటల్లోంచి మనుషులు వస్తున్నారు. అతను పిలవలేదు, అరవలేదు. ఒక్కొక్కరూ మంచులోంచి నల్లగా బయటపడి, తలపాగాలు తీసి, బండికి భుజాలు ఆనించారు. ఒకతను బానెట్ మీద గుప్పెడు చామంతులు పెట్టాడు. బండి గట్టెక్కాక యేసుపాదం దండాలు పెట్టి రెండో గేరు వేశాడు. వాళ్ళు వెనక్కి పోలేదు. తలలు వంచుకుని బండి వెంట నడవసాగారు. అతను అద్దంలో చూసినప్పుడల్లా ఆ వరస కొంచెం పొడవైంది. బండి మాత్రం ఎన్నడూ లేనంత హాయిగా, చప్పుడు లేకుండా పోతోంది.

అప్పుడు వినిపించింది చర్చి గంట. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక దెబ్బ.

అది చావుగంట. ఊళ్ళోకి రాగానే చూస్తే బొమ్మల కార్ఖానాలన్నీ మూసి ఉన్నాయి. హనోకు ఇంటిముందు పందిరి వేస్తున్నారు. లోపల్నుంచి ఏడుపు. అయిపోయింది, సలోమి వదిన పోయింది. ఈసారి కూడా ఆరోగ్యానికి అందలేదు. అతను బండి దిగి, ఎదురొచ్చిన హనోకును కౌగలించుకుని భోరుమన్నాడు. హనోకు అంతకంటే గట్టిగా ఏడ్చాడు.

"ఎంత పని జరిగింది అన్నయ్యా! మాటాడుకోకుండానే పోయింది!"

"అవును తమ్ముడూ. మాటాడుకోకుండానే!"

"దీన్ని లేపకండి," అన్నాడు యేసుపాదం బండి వైపు చూపించి. "లేసి ఇన్నాదంటే తట్టుకోలేదు. నేనే నెమ్మదిగా సెప్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "పాపం, మతి పోయింది," అని ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో అతనికి మజ్జిగ తెచ్చి తాగించారు.

అంతలో గుమ్మంలోంచి సలోమి బయటికి వచ్చింది. జుట్టు విడిపోయి, గుండెలు బాదుకుంటూ, తిన్నగా నడిచి వస్తోంది. యేసుపాదం చేతిలో గ్లాసు పడిపోయింది. పోయిన మనిషి నడిచి వస్తోంది, ఒక్కరూ భయపడ్డం లేదు. అతనికి పొద్దుటి లారీ గురించి భార్య అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

బండిలో ఆరోగ్యమేరికి అప్పుడే, ఇంకా మోగుతున్న గంట చప్పుడుకి మెలకువ వచ్చింది. కళ్ళ ముందు తెల్లగా ఉంది. కదలబోయి ఆగిపోయింది. ఎవరో తన పేరు పెట్టి ఏడుస్తున్నారు. తలుపు తెరుచుకుంది. దుప్పటి మీద ఒక తల పడింది.

"రావద్దన్నావు గదే సెల్లీ! నీ సావుకి రావద్దన్నావు గదే! నేను రాననీసి, నువ్వే వచ్చేసేవా నా గుమ్మంలోకీ!"

అనుకున్నంతా అయింది, లారీ తగిలింది, అనుకుంది ఆరోగ్యమేరి. భయం కలగలేదు. చెబితే ఈయన విన్నాడా అని మాత్రం అనిపించింది.

"అమ్మ పెట్టె నేను మూయించలేదే! నువ్వొత్తావని మూతకి సెయ్యి అడ్డం ఎట్టేనే! ఏరు పొంగిపోతందని అందరూ కలిసి నన్ను లాగేసేరే! ఏలు నలిగిపోయినా తియ్యలేదే! సెప్దామంటే ఇనకుండా యెల్లిపోయేవే!"

దుప్పటి అంచు కింద అక్క చెయ్యి కనిపించింది. చూపుడువేలి గోరు వంకరగా, నల్లగా ఉంది. చిన్నప్పుడు తనకు జడలు వేసిన వేలు. అప్పుడది తిన్నగా ఉండేది. ఆరోగ్యమేరి కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. కదిలితే ఇదంతా మాయమైపోతుందేమోనని భయమేసింది. చచ్చిపోవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. ఇంకా వినాలని ఊపిరి బిగబట్టి పడుకుంది.

సలోమి రాగం అందుకుంది. "బంగారు తల్లివే! ఒక్కనాడు ఎదురు మాటనలేదే! నా ఎర్రంచు సీర కట్టుకుపోయి తిరిగియ్యకపోయినా, నేను ఒక్క మాట..."

"ఏ సీరా?" ఆరోగ్యమేరి దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. "అది అమ్మ నాకిచ్చింది!"

పందిరి వేస్తున్నవాళ్ళు రాటలు వదిలేసి పారిపోయారు. ఏటి నుంచి వెంట నడిచి వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పరుగు తీశారు. సలోమి ఒక్కతే కదల్లేదు. చెల్లెలి మొహంలోకి చూసి చెంప మీద ఒక్కటి ఇచ్చింది.

"సచ్చి కూడా అబద్దాలేనేటే!"

తర్వాత ఇద్దరూ కౌగలించుకుని ఏడ్చిన ఏడుపుకి, పారిపోయినవాళ్ళు మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు.

సంగతి హనోకు చెప్పాడు. "ఇది రాయవరం బంగారయ్య గారి బండి గదా తమ్ముడూ! పట్నం ఆసుపత్రిలో ఎవరు పోయినా, పొలం గట్ల మీదుగా మన ఊళ్ళలోకి రావడానికి ఏ బండోడూ ఒప్పుకోడు. ఆ మహానుభావుడు సీట్లు పీకేసి, ఈ బండిలో ఊరికే తెచ్చి దింపేవోడు. మా అమ్మ దీంట్లోనే వచ్చింది. ఆఖరికి ఆయన కూడా దీంట్లోనే యెల్లేడు. ఇది ఎవరి గుమ్మంలో ఆగితే ఆళ్ళు ముందు ఏడుపు మొదలెట్టి, తర్వాత ఎవరని అడుగుతారు."

యేసుపాదం బ్రోకరు మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. దేముడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

ఇంతలో సమాధుల దొడ్డి నుంచి ఒకతను పార భుజాన వేసుకుని వచ్చి, గొయ్యి తయారైందన్నాడు. పెద్దలు తలలు పట్టుకున్నారు. తవ్విన గొయ్యి ఖాళీగా ఉంచకూడదు. ఉంచితే అది ఊళ్ళోంచి ఎవరినో ఒకరిని అడుగుతుంది. అందరూ మర్యాదగా ఆరోగ్యమేరి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు.

హనోకు లోపలికి వెళ్ళి ఒక లక్కబొమ్మను తెచ్చాడు. ఎర్ర చీర, పసుపు రవిక, గుండ్రని కళ్ళు. దాన్ని చిన్న చెక్కపెట్టెలో పడుకోబెట్టి గొయ్యి దగ్గరికి తీసుకువెళ్ళారు. సలోమి మూత చేతిలో పట్టుకుని చెల్లెలి వైపు తిరిగింది.

"ఎయ్యనా?"

"ఉండు," అంది ఆరోగ్యమేరి. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మను చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. మంచు విడిపోయి ఎండ ఎక్కింది. ఎవరూ తొందర పెట్టలేదు. సలోమి వంకర వేలు మూత అంచు మీద అలాగే ఉంది.

"ఇప్పుడెయ్యి అక్కా."

ఇరుగుపొరుగు చావింటికని వండి తెచ్చిన భోజనం అందరూ తిన్నారు. అందరికంటే ఎక్కువ ఆరోగ్యమేరి తింది. నాలుగురోజులు అనకాపల్లిలో ఉండటానికి సలోమి ఒప్పుకుంది, అయితే ఛస్తే వెనక ఎక్కనంది. ఎక్కాల్సిన రోజు ఎలాగూ వస్తుందని, అప్పుడు ఎక్కుతానని అంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందు సీటులోనే ఇరుక్కుని, ఎర్రంచు చీర గురించి వాదించుకుంటూ కూర్చున్నారు. హనోకు ఇచ్చిన అరటిగెలను వెనక సీటులో పడుకోబెట్టి, దుమ్ము పడకుండా తెల్ల దుప్పటి కప్పారు.

హైవే దాకా సైకిళ్ళు దిగినవాళ్ళందరూ ఆ గెలకి దండం పెట్టుకున్నారు.