దానిమ్మ రంగు కారు మీద ఏడు మచ్చలు

ఆ ఆదివారం పొద్దున చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు బకెట్ల నీళ్లు, ఒక పాత తువ్వాలు, అరగంట పని. మామగారి కారును అద్దంలా మెరిసేలా కడగాలి, మధ్యాహ్నం రెండింటికి ఆయన రాగానే తాళాలు చేతిలో పెట్టాలి, ఒక్క మెచ్చుకోలు మాట అందుకోవాలి. ఆ మాట కోసం అతను పెళ్లయిన నాలుగేళ్లుగా మొహం వాచిపోయి ఉన్నాడు.

మామగారు ఆ కారును ఎవరికీ ఇవ్వరు. పెద్దల్లుడికి మాత్రం ఒకసారి ఇచ్చారు. అతగాడు బద్ధకానికి పెట్టింది పేరు. దుమ్మైనా దులపకుండా అలాగే తెచ్చి వాకిట్లో పెట్టేశాడు. అయినా సరే, "మా పెద్దల్లుడు బుద్ధిమంతుడండీ" అని మామగారు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉంటారు. దులపనివాడే బుద్ధిమంతుడైతే కడిగిచ్చినవాణ్ణి ఇంకేమంటారో ఊహించుకుని చిన్నల్లుడు లోలోపలే మురిసిపోయాడు. తన బండి రిపేరుకు వెళ్లిన పుణ్యమా అని ఈ వారం కారు అతని చేతికొచ్చింది. ఇచ్చేటప్పుడు మామగారు ఒకటికి మూడుసార్లు చెప్పారు.

"కడగడం, తుడవడం లాంటివి పెట్టుకోకండి బాబూ. ఎలా ఉన్నది అలా తెచ్చిచ్చేయండి, చాలు."

ఎంత మర్యాదస్థుడో అనుకున్నాడు చిన్నల్లుడు. ఆ మర్యాదకు తగ్గట్టే మొదటి బకెట్టు కుమ్మరించాడు.

దుమ్ము పోయింది. దానిమ్మ గింజల రంగు బయటపడింది. దాంతోపాటు ఎడమవైపు తలుపుల మీద ఏడు మచ్చలు కూడా బయటపడ్డాయి. ఒకటి శనగగింజంత ఉంది, ఒకటి చిటికెన వేలంత పొడుగుంది. కారు రంగు కన్నా ఒక పిసరు ముదురుగా ఉండి వేలికి ఎత్తుగా తగులుతున్నాయి. ఆఫీసు వెనక చెట్టు కింద వారం రోజులు కారు నిలిపిన సంగతి అతనికి గుర్తొచ్చింది. చెట్టు జిగురు కారిందని తేల్చేసుకుని, అక్కడ లేని చెట్టును నోరారా తిట్టి, తువ్వాలుతో రుద్దడం మొదలుపెట్టాడు. మచ్చలు కదల్లేదు.

"ఏమిటోయ్, పొద్దున్నే ఆ కుస్తీ?" అన్నారు పైవాటా లెక్కల మాస్టారు, బాల్కనీలోంచి తొంగి చూస్తూ. ఆయన రిటైరై ఆరేళ్లయినా ఎదుటివాళ్ల తప్పులు దిద్దడం మాత్రం మానలేదు.

"మచ్చలండీ మాస్టారూ. పోవడం లేదు."

"పళ్లు తోముకునే పేస్టు పెట్టి రుద్దు. గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా కాదు."

చిన్నల్లుడు గొట్టం ఖాళీ అయ్యేదాకా గుండ్రంగా రుద్దాడు. మచ్చలు పోలేదు సరికదా, చుట్టూ రంగు నిగనిగలాడి అవి ఇంకా బాగా కనబడసాగాయి. తలుపు సందుల్లోకి పోయిన పేస్టు తెల్లగా గట్టిపడింది. మూల మీద ఇస్త్రీ షాపతను అటుగా వెళ్తూ ఆగాడు.

"పేస్టుతో పోతాయా అండీ ఎక్కడైనా? కిరసనాయిలు పట్టించండి."

కిరసనాయిలు పట్టించాక వీధంతా వాసన పట్టింది, మచ్చలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వాసన పోవడానికి తన భార్య వాడే షాంపూ తనే తెచ్చి కుమ్మరిస్తే నురగ గేటు దాకా పొంగింది. మాస్టారు కిందికి దిగొచ్చి, తన పేస్టు గుణాన్ని కిరసనాయిలే చెడగొట్టిందని ఇస్త్రీ అతనితో వాదనకు దిగారు. ఈలోగా చిన్నల్లుడి భార్య నోట్లో ఖాళీ బ్రష్షుతో బయటికొచ్చింది.

"ఏవండీ, పేస్టు ఏదీ?" అంటూనే కారు వైపు చూసింది. "నాన్న కడగొద్దన్నారు కదా?"

"అది మర్యాద కోసం అన్న మాటే."

"మా నాన్న మర్యాద కోసం మాట్లాడటం మీరెప్పుడైనా విన్నారా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అప్పటికైనా అతను ఆగి ఉంటే బాగుండేది. కానీ పదకొండు గంటలు దాటింది, మెచ్చుకోలు మాట కళ్లముందే జారిపోతోంది. భార్య అలమారలో గోళ్లరంగు తుడిచే మందు సీసా ఉంది. దూదికి ఆ మందు అద్ది ఒక మచ్చ మీద పెట్టాడు. మచ్చ వెన్నలా కరిగి దూదికి అంటుకుంది. ఉత్సాహం పట్టలేక ఐదు నిమిషాల్లో ఏడింటినీ తుడిచేసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

ఏడు మచ్చలు ఉన్నచోట ఏడు గీతలున్నాయి. రంగు లేచిపోయి, లోపలి తెల్లటి పూత కనబడుతోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని దూది కింద పడేశాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"బాబూ, ముందు బస్సే దొరికింది. మీ అత్తయ్య కూడా వచ్చింది. మీ వీధి మలుపులో ఉన్నాం," అన్నారు మామగారు.

చిన్నల్లుడు చేతులు బార్లా చాపి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. వీపు మూడు గీతల్నే కప్పగలిగింది. మాస్టారు జాలిపడి ఇంకో రెండింటి ముందు నిలబడ్డారు. మిగతా రెండింటి మీద ఇస్త్రీ అతను చేతిలో ఉన్న దుప్పటి వేలాడదీశాడు. ముగ్గురూ అలా నిలబడి ఉండగా అత్తామామలు గేటు తీశారు.

"ఏమిటి బాబూ, ఈ కిరసనాయిలు కంపు?" అంది అత్తగారు.

ఇక అతనివల్ల కాలేదు. పక్కకు తప్పుకున్నాడు. "తప్పంతా నాదేనండీ మామయ్యగారూ. మచ్చలు తుడవబోయి రంగే ఊడగొట్టాను. ఇంకెప్పుడూ మీ కారు ముట్టుకోను."

మామగారు కారు వంక చూశారు, తర్వాత ఓరగా భార్య వంక చూశారు. అవసరానికి మించిన తొందరతో, "పోనీలెండి బాబూ. మీరు చేశానంటున్నారు, మేం సరేనంటున్నాం. అయిపోయింది," అన్నారు.

"అవునవును. కావాలని చేశాడా ఏమిటి," అంది అత్తగారు, అంతకన్నా తొందరగా.

తిట్టాల్సినవాళ్లు ఇద్దరూ తిట్టకపోయేసరికి కూతురికి అనుమానం వచ్చింది. కింద పడున్న దూది తీసి చూసింది. "ఇది జిగురు కాదండీ, గోళ్లరంగు. అమ్మా, అచ్చం ఈ రంగు సీసా నీ అద్దం దగ్గరుంటుంది కదా? నువ్వు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు."

అత్తగారు మామగారిని చూసింది. మామగారు ఆకాశాన్ని చూశారు. అక్కడ సాయం ఏమీ దొరక్క గొంతు సవరించుకున్నారు.

"ఆ గీతలు నావేలే. గేటుకు మూడుసార్లు, స్తంభానికి రెండుసార్లు గీసుకుంది. నీకు తెలిస్తే స్టీరింగు పట్టనివ్వవని నీ సీసాలోంచే కాస్త కాస్త తీసి పూశాను." అంతలో గీతలు చూపిస్తున్న ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. మళ్లీ లెక్కపెట్టారు. "నావి ఐదే. ఇక్కడ ఏడున్నాయేమిటి?"

ఈసారి నేల చూపులు చూడటం అత్తగారి వంతయింది.

"ఆ రెండూ నావి. చెబితే మీరు బాధపడతారని," అంది మెల్లగా.

"సీసా ఎంత వాడినా తరగదేమిటా అనుకునేవాణ్ణి."

"ఇంత తొందరగా తరిగిపోతోందేమిటా అని నేను కొత్తవి కొంటూ వచ్చాను."

అత్తగారు చేతిసంచీ తెరిచి సీల్ తీయని సీసా ఒకటి బయటపెట్టింది. చిన్నల్లుడు మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఏడు గీతల మీదా రంగు పూశాడు. మామగారు వంగి ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు.

"మా ఇద్దరికన్నా మీ చెయ్యే నయం బాబూ," అని, అతను ఇవ్వబోయిన తాళాలు తిరిగి అతని చేతిలోనే పెట్టారు. "మీ బండి వచ్చేదాకా ఉంచుకోండి. కడగకండి."

అప్పటినుంచి వచ్చినవాళ్లందరికీ చిన్నల్లుడు కూడా బుద్ధిమంతుడనే మామగారు చెబుతున్నారు. ఆ మరుసటి నెలలో వెలిసిన ఎనిమిదో మచ్చ ఎవరిదని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.