కంచరి గుర్జీ గీసిన బాలింత గీత

టైగ్రిస్ నది కట్ట తెంచుకుని బగ్దాదులో మా యూదుల వీధి నేలమాళిగలన్నీ ముంచిన ఏడాది జరిగింది ఇది. నీళ్ళు దిగి నెలయింది. గోడల చెమ్మ మాత్రం ఆరలేదు.

కంచరి గుర్జీకి పెళ్ళయిన పదకొండేళ్ళకు కొడుకు పుట్టాడు. ఆవేళ ఏడో రోజు. మర్నాడు పొద్దున్నే సున్నతి. ఆలోగా బాలింత మంచం చుట్టూ నేల మీద బొగ్గుతో గీత గీసి, చెడుగాలి సోకకుండా దాని వెంబడి దేవుడి పేరు, దేవదూతల పేర్లు రాయాలి. రాసే పెద్దాయన యెహెజ్కేలు ప్రవక్త సమాధికి యాత్ర పోయాడు. సగం వీధి ఆయన వెంటే పోయింది. తాత ఆ పేర్లు రాసి దాచిన కాగితం ఇంట్లో ఉంది కదా, చూసి రాసేస్తే టీ చల్లారేలోపు అయిపోతుంది అనుకున్నాడు గుర్జీ.

గీత చక్కగా వచ్చింది. తాంబాళం బోర్లించినట్టుంది. చిక్కంతా అక్షరాలతోనే. దేవుడి పేరులో వచ్చే దాలెత్ అనే హీబ్రూ అక్షరానికి మూల ఉంటుంది. రేష్ అనే ఇంకో అక్షరానికి అదే చోట భుజం గుండ్రంగా ఉంటుంది. తేడా అంతే. గుర్జీ చెయ్యి ముప్పై ఏళ్ళుగా గిన్నెల అంచులు తిప్పిన చెయ్యి. మూల అనేది దానికి తెలియదు.

అతని తల్లి తొబా వచ్చి వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ గుమ్మానికి బిగించిన రేకు మీది దేవుడి పేరును అరవై ఏళ్ళుగా రోజూ ముట్టుకుని వేళ్ళు ముద్దు పెట్టుకుంటోంది.

"ఒరేయ్, దీనికి మూలేదిరా?"

"ఉందమ్మా. కాస్త వంగింది."

"వంగడానికి అదేమన్నా నీ నడుమా?"

తుడిచి మళ్ళీ రాద్దామని గుర్జీ తడిగుడ్డ తీశాడు. తొబా చెయ్యి పట్టేసుకుంది. అది దాలెత్ అయితే దేవుడి పేరు. తుడిస్తే పాపం, కాలితో దాటితే ఇంకా పాపం. రేష్ అయితే పేరూ కాదు, కాపలా కూడా కాదు, తుడిచి తీరాలి. ఏదో తేలేదాకా ఎవరూ గీత దాటడానికి లేదు. గీత లోపల కోడలు రజ్మా ఉంది, చంటివాడున్నాడు. రేపు పొద్దున్న వాడు బయటికి రాకపోతే ఎనిమిదో రోజు దాటిపోతుంది. పదకొండేళ్ళు ఎదురుచూసిన కొడుకుకు ముహూర్తం తప్పించినవాడుగా గుర్జీ పేరు వీధిలో నిలిచిపోతుంది.

పది గంటలకు కబురు వీధంతా పాకింది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు గీత దగ్గరే ఆగి, కాలు తగల్లేదు కదా అని కిందికి చూసుకున్నారు. బాలింతకు చారు ఎలా అందించాలో తెలియక గుర్జీ దుకాణం నుంచి పెళ్ళి వంటల గరిటె తెచ్చాడు. బారెడు కాడ ఉంది దానికి. మొదటి గరిటె దుప్పటి తాగింది. రెండోది రజ్మాకు అందింది.

ప్రార్థన మందిరం చూసుకునే మీర్ తాతను పిలిచారు. యాత్రకు మోకాళ్ళు సహకరించక ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన కళ్ళజోడు పెట్టి చూశాడు, తీసి చూశాడు. ఇలాంటి అనుమానం వస్తే పెద్దవాళ్ళు తేల్చకూడదనీ, అక్షరాలు తెలిసి అర్థం తెలియని పసివాణ్ణి అడగాలనీ, వాడేమంటే అదేననీ చెప్పాడు.

తొబా పక్కింటి ఫ్రాయింను తెచ్చింది. దారిలో వాడి జేబులో మిఠాయి పోసింది. వాడు గుమ్మం ఎక్కకముందే "దాలెత్" అన్నాడు. మీర్ తాత పంపేశాడు. తర్వాత బట్టల కొట్టువాళ్ళ లూలూ వచ్చింది. బళ్ళో మొదటి పిల్ల. "మీకేది కావాలి?" అని అడిగింది. ఇంత తెలివి పనికిరాదని దాన్నీ పంపేశాడు. మూడోవాడు సియోన్‌కు ఐదేళ్ళు. పాఠం మొదలుపెట్టి నెలయింది. మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇది గిన్నె పిడి" అన్నాడు.

అందరూ వంగారు. పిడే. పిడికి చివర ఉండే వంపుతో సహా. గుర్జీ కూడా తన చేతిపనిని గుర్తుపట్టాడు.

మీర్ తాత గడ్డం నిమురుకున్నాడు. పసివాడికి అక్షరంగానే కనపడలేదు కాబట్టి దేవుడి పేరు లేదు, దాటొచ్చు, కడిగేయొచ్చు అని తేల్చాడు. తొబా నీళ్ళ బకెట్టు ఎత్తింది.

"అది కింద పెట్టండి అత్తయ్యా" అంది రజ్మా.

పొద్దుటినుంచి ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఈ ఏడు రోజుల్లో ఇవాళే నేనూ వీడూ నిద్రపోయాం. ఒక్కళ్ళూ వచ్చి బుగ్గ గిల్లలేదు. పొట్టకు గుడ్డ కట్టుకోమని ఎవరూ చెప్పలేదు. చెడుగాలి సంగతి నాకు తెలీదు. మీరైతే రాలేదు."

తొబా కొడుకు వైపు చూసింది. గుర్జీ గరిటె వైపు చూశాడు.

"గీత దాటొచ్చు" అన్నాడు మీర్ తాత నెమ్మదిగా. "బాలింత మాట మాత్రం దాటకూడదని ఉంది."

ఏ పుస్తకంలో ఉందని ఎవరూ అడగలేదు. ఆయన మోకాళ్ళు పట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే గుర్జీ బారెడు అంగ వేసి లోపలికెళ్ళి కొడుకును తెచ్చాడు. వేళకు సున్నతి జరిగింది. మళ్ళీ అంగ వేసి పిల్లవాణ్ణి తల్లి పక్కన పడుకోబెట్టాడు. బయటికొచ్చి బొగ్గు ముక్క తీసుకుని, ఎవరి చెప్పు తగిలిందో చెరిగిన చోట గీతను దిద్దాడు. అక్షరాల జోలికి పోలేదు.