తీర్మానానికి పంటినొప్పి

1912లో, ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న గలీసియాలోని ఓల్షానెక్ పట్టణ చర్చి మెట్ల మీద ఒక చారిత్రక తీర్మానం వెలువడింది: "నేటినుంచి ఏ కాథలిక్కూ యూదుడి గడప తొక్కరాదు. ఇది ద్వేషం కాదు. ప్రేమతోనే దూరంగా ఉంటున్నాం."

చదివింది ఫాదర్ ఒనుఫ్రి. రాసింది కాథలిక్ జాగృతి సంఘం కార్యదర్శి హియెరోనిమ్ గారు. 'ప్రేమ' దగ్గరికి వచ్చేసరికి, తను రాసిన ముక్కకి తనకే కళ్లు చెమర్చాయి.

మూడోవారం ఆయనకు దవడపన్ను సలపడం మొదలెట్టింది. లవంగం నొక్కారు. వోడ్కా పుక్కిలించారు, ఉపవాసదినాలు కనుక ఉమ్మేశారు, చాలావరకు. పంటినొప్పులు చూసుకునే పునీత అపొలోనియమ్మకు కొవ్వొత్తి వెలిగించారు. బుగ్గ బూరెలా పొంగింది. ఊరు మొత్తానికి పళ్ల డాక్టరు ఒక్కడే. రోజ్నర్. యూదుడు.

"వెళ్లి పీకించుకు రండి," అంది భార్య తెక్లా.

"తీర్మానం రాసింది నేనే!"

"రాసింది చెయ్యి. నొప్పి పంటికి."

ఈ వాదన హియెరోనిమ్ గారికి శాస్త్రసమ్మతంగా తోచింది. బుగ్గకి మఫ్లరు చుట్టుకుని, పెరటిదారిన రోజ్నర్ ఇంటికి చేరారు. ముందుగదిలో బల్లమీద మరో మఫ్లరు కూర్చుని ఉంది.

"ఫాదర్, మీరా!"

"మనవాళ్లెవరైనా వస్తున్నారేమోనని నిఘా," అన్నారు ఫాదర్ మూలుగుతూ. "మరి నువ్వు?"

"నేనూ నిఘాకే, ఫాదర్."

పక్క బల్లమీంచి సంఘం ఉపాధ్యక్షుడు కూడా చెయ్యెత్తాడు. ఆయన నోరు తెరిచే స్థితిలో లేడు.

లోపలినుంచి డాక్టరు భార్య మల్కా వచ్చింది.

"డాక్టరుగారు లేరండీ. మీ కాగితం చదివి, ఇక్కడ మనకి పనేముందని మొన్న వియన్నా వెళ్లిపోయారు. రేపు నేనూ వెళ్తున్నాను."

"అదేమిటమ్మా!" హియెరోనిమ్ గారు గుండె పట్టుకున్నారు. "దాన్ని నిజంగానే నమ్మేశారా?"

"ఊళ్లో ఆయనొక్కరే నమ్మారండీ."

ఫాదర్ ఒనుఫ్రి తక్షణమే ఆ బల్లలమీదే అత్యవసర సమావేశం ప్రకటించారు. హియెరోనిమ్ గారు పన్ను పట్టుకునే ప్రసంగించారు: "అధ్యక్షా! ఆయనే వెళ్లిపోతే మనం బహిష్కరించేదెవర్ని? ఇది మన ఉద్యమం మీద కుట్ర!" డాక్టరును వెంటనే తిరిగి రప్పించాలనీ, రాగానే బహిష్కరణ మరింత తీవ్రం చేయాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఉపాధ్యక్షుడు మూలిగాడు, దాన్ని బలపరచినట్టు రాసుకున్నారు.

మల్కా మళ్లీ తొంగిచూసింది.

"కాస్త లేస్తారా అయ్యా? బల్లలు కొనుక్కున్నవాళ్లొచ్చారు."