రేవులో ముంచిన ట్యాంకు

ఆ బుధవారం పొద్దున్న అప్పాజీ పెట్టుకున్న పని చిన్నదే. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వెళ్ళి, పాత స్పేర్ పార్టుల కొట్లో జావా మోటారు సైకిలు కోసం తెప్పించిన పెట్రోలు ట్యాంకు తీసుకుని, భోజనాల వేళకి తిరిగి వచ్చేయడం. భార్య రత్నమాణిక్యంతో మాత్రం హెడ్డాఫీసులో పనుందని చెప్పాడు. ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాకి అంతకంటే నమ్మదగిన అబద్ధం దొరకదు.

"ఏవండీ, హెడ్డాఫీసుకి వెళ్తూ సంచిలో కొత్త పంచె ఎందుకండీ?" అంది రత్నమాణిక్యం.

"దుమ్ము" అన్నాడు అప్పాజీ. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించే ఓపిక ఆయనకి ఎప్పుడూ లేదు.

ఈ ట్యాంకు వెనక ఎనిమిదేళ్ళ మౌనం ఉంది. ఆ జావా ఆయన మామగారు భీమరాజుగారిది. ఆత్రేయపురంలో మొదటి మోటారు సైకిలు అదేనని భీమరాజుగారు చెప్పేవారు. కాదన్నవాళ్ళెవరూ ఆయన ఎదుట అనలేదు. ఎనిమిదేళ్ళ కిందట అల్లుడు దాన్ని అడిగి తీసుకువెళ్ళి, కాలవ గట్టు మీద స్టాండు వేసి, కొబ్బరి బొండం తాగడానికి పక్కకి వెళ్ళాడు. వానలకి గట్టు మెత్తబడి ఉంది. ఆయన బొండం తాగి వచ్చేసరికి బండి కాలవలో ఉంది.

ఆనాటి నుంచి భీమరాజుగారు అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. మర్యాదకేమీ లోటు లేదు. కాళ్ళకి నీళ్ళు ఇప్పిస్తారు, వసారాలో పీట వేయించి రెండు రకాల వేపుళ్ళు చేయిస్తారు. మాట మాత్రం వసారా స్తంభంతో అంటారు. "ఆయన్ని ఇంకాస్త నెయ్యి వేసుకోమను" అని స్తంభానికి చెబుతారు. "చాలని చెప్పు" అని అప్పాజీ కూడా స్తంభానికే జవాబిస్తాడు. మధ్యలో వడ్డించే రత్నమాణిక్యానికి పుట్టింటికి వెళ్ళాలంటేనే దిగులు పట్టుకుంది. తండ్రికి తను ఒక్కర్తే కూతురు. ఆ ఇంట్లో పలకరించే దిక్కు లేక తన మొగుడు తలొంచుకుని తినడం ఆమె చూడలేకపోతోంది.

కాలవలోంచి పైకి తీసిన బండి సావిట్లో తుప్పుపడుతూ ఉండిపోయింది. నిరుడు ఒకసారి "సావిట్లో ఆ తుక్కు ఎవరైనా పట్టుకుపోతే బాగుండు" అని భీమరాజుగారు స్తంభంతో అన్నారు. మర్నాడే అప్పాజీ ట్రాక్టరు తెచ్చి పట్టుకుపోయాడు. అమ్మేసుకున్నాడనే మామగారు అనుకున్నారు. నిజానికి బండి ధవళేశ్వరంలో మెకానిక్ వీరబ్రహ్మం షెడ్డులో ఉంది. ఇంజను పలికింది. చక్రాలకి మెరుగు వచ్చింది. తుప్పు తినేసిన ట్యాంకు ఒక్కటే మిగిలింది. ఒరిజినల్ ఎక్కడా దొరకలేదు గాని, అచ్చు అలాంటిదే చేసేవాళ్ళు దూరదేశంలో ఉన్నారని తెలిసి రాజమండ్రి కొట్టాయన ద్వారా తెప్పించాడు. అది బిగించి, మామగారి వాకిట్లో బండి ఆపితే, ఆయన తన ముఖం చూసి ఒక్క మాట అంటారని అప్పాజీ ఆశ. రత్నమాణిక్యం తండ్రి దగ్గర ఏదీ దాచే మనిషి కాదు కనక ఆమెకీ చెప్పలేదు.

వీరబ్రహ్మం ముందే హెచ్చరించాడు. "డూప్లికేటు ట్యాంకులు అతుకుల దగ్గర కారతాయండి. కన్నాలు బిరడాలతో మూసి, నిండా నీళ్ళలో ముంచి చూడండి. బుడగలొస్తే అక్కడే తిరిగిచ్చేయండి. రంగేశాక ఎవడూ తీసుకోడండి."

కొట్టాయన భక్తిపరుడు. బండికి సంబంధించిన కొత్త వస్తువుని ఉత్తినే పంపడం ఇష్టంలేక, అగరొత్తి తిప్పి ట్యాంకుకి బంతిపూల దండ వేశాడు. గీతలు పడకుండా అప్పాజీ దాన్ని తెల్ల పంచెలో చుట్టుకున్నాడు. కొట్లో ఉన్న నీళ్ళ బకెట్లో ట్యాంకు మూతి కూడా మునగదు. అంత వస్తువుని నిండా ముంచడానికి ఆ ఊళ్ళో ఆయనకి తోచిన చోటు ఒక్కటే. గోదావరి.

ప్యాంటు తడిస్తే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. అందుకని చొక్కా, ప్యాంటు రేవు మెట్ల మీద పెట్టి, తువ్వాలు కట్టుకుని, పంచె మూటని గుండెకి హత్తుకుని నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. దండ తీసి నీళ్ళలో వదిలాడు. పక్కనే ఎవరికోసమో ఒక పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. అడుగు అతుకు కనబడాలంటే తల కూడా ముంచక తప్పదు. అప్పాజీ ట్యాంకుతో పాటు మూడు సార్లు మునిగాడు. ఒక్క బుడగ రాలేదు. సంతోషంతో ఆయనకి కళ్ళు చెమర్చాయి. గోదావరికి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మెట్ల పైనుంచి ఇదంతా చంద్రరావు చూశాడు.

చంద్రరావుది ఆత్రేయపురమే. రాజమండ్రిలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. చావు కబురు గుండె ఆగకుండా చెప్పడంలో ఆయనకి ఆ పక్క ఊళ్ళన్నిటిలోనూ పేరుంది. కొడుకులు లేని భీమరాజుగారికి అస్థికలు కలపవలసినవాడు ఈ అల్లుడే. కార్యంలో ఉన్నవాణ్ణి పలకరించకూడదు కనక చంద్రరావు మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. పెద్దాయన పోతే తనకి కబురు పెట్టనందుకు కాస్త నొచ్చుకున్నాడు కూడా. అయినా కూతుర్ని పరామర్శించడం ధర్మం అనుకుని నేరుగా ధవళేశ్వరం బస్సెక్కాడు.

వెళ్ళేసరికి రత్నమాణిక్యం తలలో పూలతో, వీధి అరుగు మీద పక్కింటి రత్తమ్మతో నవ్వుతూ చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. చంద్రరావు వీధిలోనే ఆగిపోయాడు. ఈ పిల్లకి ఇంకా చెప్పలేదన్నమాట! బీపీ మనిషని దాచి ఉంటారు. ఇక తన అనుభవమంతా వాడవలసిన సమయం వచ్చింది.

"బాబాయిగారూ, రండి రండి! ఏంటిలా వచ్చారు?"

"ఏం లేదమ్మా. నువ్వు కంగారుపడకు. మీ నాన్నగారికేం పర్లేదు. బాగానే ఉన్నారు. ఒక్కసారి వెళ్ళి చూసొద్దాం, పద."

రత్నమాణిక్యం చేతిలో చిక్కుళ్ళ చేట జారిపోయింది. గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా ఈ మాటలకి అర్థం తెలుసు. అడక్కుండానే బాగున్నారని ఎవరైనా చెప్పారంటే, ఆ మనిషి లేనట్టే.

"నిజం చెప్పండి బాబాయిగారూ!"

"నిజమేనమ్మా. భోంచేసి పడుకున్నారు కూడానూ."

ఆమె గోడకి జారగిలబడి బావురుమంది. "ఆయనకి తెలుసాండీ?"

"అప్పాజీగారు ఆ పనులే చూసుకుంటున్నారమ్మా, రాజమండ్రిలో."

హెడ్డాఫీసు ఇదా! కొత్త పంచె ఇందుకా! రత్తమ్మ పరుగున టెలిఫోన్ బూత్‌కి వెళ్ళి ఆత్రేయపురం ఫోను చేసింది. భీమరాజుగారి ఎదురింట్లో ఫోను మోగుతూనే ఉంది గాని ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటివాళ్ళు చేలో ఉన్నారు. రత్తమ్మ మాత్రం, ఊరంతా ఆ ఇంటి దగ్గరే ఉండి ఉంటుందని తేల్చి కళ్ళొత్తుకుంది. టాక్సీ వచ్చింది. బ్యారేజీ పొడవునా రత్నమాణిక్యం ఏడుస్తూనే ఉంది.

కాసేపటికి అప్పాజీ తడి తలతో, చంకలో మూటతో, ఈలవేసుకుంటూ ఇల్లు చేరాడు. తాళం వేసి ఉంది. రత్తమ్మ ఎదురొచ్చింది.

"మీ ఆవిడ ఆత్రేయపురం వెళ్ళింది బాబూ. మీరూ వెళ్ళండి. ఏం పర్లేదు, మీ మామగారు బాగానే ఉన్నారంట."

అప్పాజీ అరుగు మీద కూలబడ్డాడు. ఎనిమిదేళ్ళు ఒక్క మాట కోసం చూశాడు. ఇప్పుడు తిట్టడానికైనా ఆ మనిషి లేడు. మరి రెండు రోజుల ముందు ఈ ట్యాంకు వచ్చి ఉంటే! చిన్నపిల్లాడిలా ఏడుపు తన్నుకొచ్చింది. ఆటో పిలిచాడు. మూట ఇంట్లో దించి వెళ్ళాలని కూడా ఆయనకి తోచలేదు.

ఆత్రేయపురంలో భీమరాజుగారు వసారాలో కూర్చుని తాపీగా చుట్ట కాలుస్తున్నారు. వాకిట్లో టాక్సీ ఆగింది. ఊడిన జడతో కూతురు దిగింది. ఆయన్ని చూసి కెవ్వున అరిచి, వచ్చి కాళ్ళు పట్టుకుని, ఒళ్ళంతా తడిమి, ఇంకా గట్టిగా ఏడవడం మొదలెట్టింది. ఒక్క మాట పెగలడంలేదు. వెనకాల చంద్రరావు నిలబడి ఉన్నాడు. అలాంటి ముఖం పెట్టుకుని చంద్రరావు వచ్చాడంటే ఏమిటో భీమరాజుగారికి తెలియనిది కాదు.

"ఏంటయ్యా? అల్లుడుగారేరీ?"

చంద్రరావు బుర్ర పనిచెయ్యడం మానేసింది. అస్థికలైపోయిన మనిషి చుట్ట కాలుస్తున్నాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"గోదాట్లో... మునుగుతుండగా చూశానండి. ఏం పర్లేదండి. ఆయన బాగానే ఉన్నారండి."

రత్నమాణిక్యం ఏడుపు ఆపి ఒక్క క్షణం చూసింది. తర్వాత మొగుడి కోసం మొదటినుంచి మొదలెట్టింది. భీమరాజుగారి చేతిలో చుట్ట కిందపడింది. ఆయన లేచి స్తంభాన్ని పట్టుకున్నారు.

"ఎనిమిదేళ్ళు నీతో మాట్లాడాను గాని ఆ మనిషితో మాట్లాడలేదు" అన్నారు. "ముష్టి ఇనప బండి! పోతే పోయిందిలెండి అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు నాకు. బంగారం లాంటి మనిషి. ఎదురు చెప్పేవాడు కాదు. నేను చంపేశాను." నుదురు స్తంభానికేసి ఆనించి వెక్కివెక్కి ఏడ్చారు. భీమరాజుగారు ఏడవగా చూడడం ఆ వీధికి అదే మొదలు. చేలోంచి వస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

అప్పుడు ఆటో వచ్చింది. అప్పాజీ దిగాడు. వాకిట్లో జనం, వసారాలో నిలబడ్డ మామగారు.

"మీరు... ఉన్నారాండీ?" అన్నాడు అప్పాజీ.

"ఉన్నానండి. మీరు?"

"ఉన్నానండి."

భీమరాజుగారు మెట్లు దిగి వచ్చి అల్లుణ్ణి గట్టిగా కావిలించుకున్నారు. ఇద్దరి మధ్యా గట్టిగా ఏదో తగిలింది. "ఏంటండీ ఇది?"

అప్పాజీ పంచె విప్పాడు. "మీ జావా ట్యాంకండి. తెప్పించానండి. బండంతా తయారైందండి."

భీమరాజుగారు మెట్టు మీద కూర్చుని ట్యాంకు ఒళ్ళో పెట్టుకున్నారు. చాలాసేపు నిమిరారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నిమిరారు. తర్వాత వంచి చూశారు. తిరగేసి చూశారు.

"అచ్చు అదేనన్నాడాండీ కొట్టువాడు?"

"అవునండి."

"మోకాళ్ళు ఆనేచోట ఇంత నొక్కుంటుందాండీ? ఇరవయ్యేళ్ళు తొక్కినవాణ్ణి, నాకు తెలీదా? వేరే బండిది అంటగట్టాడండీ మీకు!"

"వీరబ్రహ్మం కొలతలు చూసే చెప్పాడండి."

"వీరబ్రహ్మాన్ని అడుగుతారు గాని నన్నడగరాండీ?"

"మీరు మాట్లాడితేగా అడగడానికి!"

"మాట్లాడతానేంటండీ? వానాకాలంలో కాలవ గట్టు మీద ఎవరైనా స్టాండేస్తారాండీ? బుద్ధుందాండీ మీకు?"

"ఒక్క బొండం తాగి వచ్చానండి! ఒక్క బొండానికి ఎనిమిదేళ్ళాండీ?"

చంద్రరావు సర్దిచెప్పబోయి నోరు తెరిచాడు. "మీరు మాత్రం ఏమీ చెప్పకండి బాబాయిగారూ" అంది రత్నమాణిక్యం. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో నవ్వుతూ, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

పోట్లాట దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. మామా అల్లుళ్ళిద్దరూ బాగానే ఉన్నారని ఈసారి వీధిలో అందరూ నమ్మారు.