స్వెట్టర్ చేసుకున్న పుణ్యం

మనిషిగా పుట్టడం కంటే స్వెట్టర్‌గా పుట్టడం మేలు! నవ్వకండి తల్లులారా, ఆలోచించే అంటున్నాను.

మా అమ్మాయి ఒక బట్టల కంపెనీ గోడౌన్‌లో పనిచేస్తుంది. అక్కడ ప్రతి బట్టకీ ఒక చీటీ. అందులో నువ్వుగింజంత చిప్పు, దాని చుట్టూ సన్నటి తీగ. బ్యాటరీ లేదు, మేతా లేదు. మెషిన్ పట్టుకుని అటుగా వెళ్తే చాలు, అందులోంచి వచ్చే రేడియో తరంగాలతోనే ప్రాణం తెచ్చుకుని "నేను ఫలానా నంబరుని, ఇక్కడే ఉన్నాను" అంటుందట! అట్టపెట్టె విప్పక్కర్లేదు కూడా. పొద్దస్తమానం లెక్కపెట్టే సరుకు టీ చల్లారేలోపు తేలిపోతుంది. బిల్లు కాకుండా గడప దాటిందా, గేటు గోల పెడుతుంది.

మరి నా కూతురో? మూడు పూటలా తిని కూడా, ఫోన్ చేసి "ఎక్కడున్నావే?" అంటే "ఉన్నాన్లే అమ్మా, పెట్టేయ్!" అంటుంది. ఈలోగా నా మనసులో లారీ గుద్దేస్తుంది, లిఫ్టు తెగిపోతుంది, అరలన్నీ దాని నెత్తినే కూలిపోతాయి!

అందుకే మనుషుల మెడల్లోనూ చిప్పు కార్డులు వేశారని తెలిసి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

మొన్న ఒళ్లు కాలిపోతున్నా పనికి వెళ్లింది. సెలవు లేదన్నారట. మధ్యాహ్నం ఫోన్ ఎత్తకపోతే సూపర్‌వైజరుకి చేశాను.

"మీదంతా ఉత్త హైరానా ఆంటీ! స్క్రీన్ మీద కనిపిస్తోందిగా, స్వెట్టర్ల వరుసలోనే ఉంది. గంట నుంచీ అక్కణ్ణుంచి కదిల్తే ఒట్టు. ఇంత శ్రద్ధగా పనిచేసే పిల్ల ఇంకొకతి లేదు!"

గంట నుంచీ కదల్లేదా? చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తాను.

స్క్రీన్ అబద్ధం చెప్పలేదు. స్వెట్టర్ల వరుసలోనే ఉంది, నేల మీద! చలిజ్వరానికి వణుకుతూ, చేతికందిన స్వెట్టర్ తొడుక్కుని, తెలివి ఉండీ లేకుండా.

లేపి నడిపించుకుంటూ గుమ్మం దాటానో లేదో, కుయ్యోమని గేటు మొత్తుకుంది. ఎంతమంది పరిగెత్తుకొచ్చారనుకున్నారు! సెక్యూరిటీ, సూపర్‌వైజరు, మేడ మీంచి మేనేజరు గారు కూడా. నాకు కళ్లు చెమర్చాయి. ఎంత మంచి కంపెనీ!

వచ్చి, జాగ్రత్తగా, నలక్కుండా, దాని ఒంటి మీది స్వెట్టర్ విప్పి పట్టుకుపోయారు.

ఇప్పుడు పిల్లకి కాస్త నెమ్మదించింది. రేపు మళ్లీ పనికి వెళ్లాలట.

అయ్యా మేనేజరు గారూ, మెడలో కార్డు మీరే ఉంచుకోండి. స్వెట్టర్ చీటీ ఒక్కటి ఇప్పించండి చాలు. మా అమ్మాయి బట్టల అంచున కుట్టేస్తాను. ఈసారి నేను దాన్ని మోసుకుంటూ బయటికి వస్తుంటే, కనీసం గేటన్నా ఏడుస్తుంది.