తళతళలాడే పాత సామాను

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి రేవులోని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్ళి, ఓడలో వచ్చిన ఇంటి సామాను విడిపించుకుని, భోజనం వేళకు కొత్త ఇంట్లో ఉండటం. ఏడాదికి పైగా వాడిన సామానుకు ఇక్కడ పన్ను లేదు. కొత్తదైతే ఉంది, అదీ నడ్డి విరిగేంత. అల్లుడు గుమాస్తాగిరీ చేసినవాడు కనుక, నూట పన్నెండు వస్తువులకు జాబితా తయారుచేసి, ప్రతిదాని ఎదుటా ‘పాతది’ అని రాశాడు. అందులో భార్య కుట్టుమిషను ఒకటి. సోమవారం సొంత మిషనుతో వస్తేనే పని అని దర్జీ కొట్టువాళ్ళు ఆమెకు చెప్పారు. అల్లుడికి ఇంకా ఉద్యోగం దొరకలేదు. ముగ్గురి తిండీ ఆ మిషను మీదే ఉంది.

జాబితాకెక్కనిది అత్తగారి పట్టుదల. "పరాయి దేశంలో మన పరువు పోకూడదు" అంటూ ఆవిడ నెల్లాళ్ళపాటు ప్రతి వస్తువునూ తోమి, పాలిష్ పెట్టి, కొన్ననాటి అట్టపెట్టెల్లోనే సర్దారు. ఆ పెట్టెల్ని ఇన్నేళ్ళూ అటక మీద దాచింది కూడా ఆవిడే.

కస్టమ్స్ అధికారి మొదటి పెట్టె విప్పాడు. మిక్సీ మెరిసింది. రెండోది విప్పాడు. ఫ్యానుకు ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు.

"ఇవి పాతవా?" అన్నాడు.

"పదేళ్ళవండీ! ఆ మిక్సీ వేసి చూడండి, వీధంతా ఉలిక్కిపడుతుంది" అన్నాడు అల్లుడు.

వేశారు. ఎవరూ ఉలిక్కిపడలేదు.

"నేనే బాగు చేయించాను అల్లుడుగారూ" అన్నారు అత్తగారు మురిసిపోతూ.

"పోనీ, ఆ కుర్చీ చూడండి సార్. కాలు ఊగుతుంది."

"దానికి వడ్రంగిని పిలిపించాను."

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇవన్నీ అమ్మకానికి తెచ్చారా ఏమిటి?"

అత్తగారు దాన్ని పొగడ్త అనుకున్నారు. "అమ్మినా ఎవరూ వంక పెట్టలేరు బాబూ!"

అధికారి ‘వ్యాపార సరుకు’ అని రాసుకున్నాడు. పన్ను కట్టాలి, లేదా అంతా గోదాములోనే ఉంటుందన్నాడు. అల్లుడు జేబు తడుముకున్నాడు.

ఆఖరికి మిషను విప్పారు. అదీ తళతళా మెరుస్తోంది. "కుట్టి చూపించండి" అన్నాడు అధికారి. భార్య కూర్చుని తొక్కింది. అది కదల్లేదు.

"చూశారా, కొత్తది. ఇంకా బిగువు వదల్లేదు."

భార్య అతని మాట వినిపించుకోలేదు. అలవాటు కొద్దీ మిషను పక్కన అరచేత్తో రెండు చరిచి, కింద మోకాలితో ఒక్కటి పొడిచింది. మిషను గడగడా సాగింది.

అధికారి దాన్ని ఆపించి తనూ చరిచి చూశాడు. కదల్లేదు. అల్లుడు చరిచాడు. చెయ్యి వాచింది. భార్య చరిచింది. నడిచింది.

"ఎక్కడ కొట్టాలో మీకెవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పేదేముందండీ, పన్నెండేళ్ళుగా కొడుతూనే ఉన్నాను."

అధికారి కలం ఆగింది. "మిగతావాటిక్కూడా ఇలాంటి జబ్బులున్నాయా?"

అత్తగారు కూతురి వంక చూశారు, మిషను వంక చూశారు. నెల్లాళ్ళ చాకిరీని మింగేసి నోరు విప్పారు. "ఉన్నాయి బాబూ. ఫ్యాను స్విచ్చి వేస్తే తిరగదు, రెక్కను వేలితో తోయాలి. బీరువా తలుపు పైకెత్తితేగాని తెరుచుకోదు. గడియారం ఎడమవైపు ఒరిగితేనే నడుస్తుంది." ఒక్కొక్కటే చేసి చూపిస్తుంటే ఆవిడ గొంతు సన్నబడుతూ వచ్చింది.

ఉదయం నుంచీ మనసులో ఆవిణ్ణి తిట్టుకుంటున్న అల్లుడికి కళ్ళు చెమర్చాయి. ఆవిడ పరువంతా ఆ మెరుపులోనే ఉంది. కూతురి కోసం దాన్ని పదిమందిలో వదులుకున్నారు. "అత్తయ్యగారూ, మీ మేలు మరిచిపోను" అన్నాడు.

అధికారి ‘వ్యాపార సరుకు’ కొట్టేసి ‘పాతవి’ అని రాశాడు. తిరిగి సర్దుతుండగా అడుగున మూత తీయని పాలిష్ డబ్బా ఒకటి కనిపించింది. అది మాత్రం నిజంగానే కొత్తది.

ఆ దేశానికి అల్లుడు చెల్లించిన మొదటి పన్ను ఆ డబ్బా మీదే. సంతోషంగా చెల్లించిన ఆఖరి పన్ను కూడా అదే.