పక్క సీటు బ్రేకు

ఆ శనివారం పొద్దున డ్రైవింగు మాస్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్లి ఆవిడ అమ్మదలచిన ఎర్రకారు తీసుకోవాలి. తొమ్మిదిన్నరకి దాన్ని బావమరిది షెడ్డులో వదిలి బ్రేకులు చూపించాలి. మూడింటికి కూతుర్ని వెంటబెట్టుకెళ్లి చూపించాలి. ఐదింటికల్లా కారు మళ్లీ ఆవిడ గుమ్మం ముందుండాలి, కొనేదీ లేనిదీ అప్పుడే తేల్చి చెప్పెయ్యాలి. ఇదంతా కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగుతూ మళ్లీ తీసి చదువుకున్నాడు.

ఇది ఇంటికొక ఫోను, అదీ వసారాలో గోడకి వేలాడే రోజుల సంగతి. మాస్టారు అప్పటికి పాతికేళ్లుగా పక్క సీట్లోనే బతుకుతున్నాడు. నేర్పించే కార్లలో ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడితే మాస్టారు దాన్ని తొక్కుతాడు. పాతికేళ్లు తొక్కీ తొక్కీ ఆ కాలికి సొంత బుద్ధి వచ్చేసింది. బస్సులో కూర్చున్నా, సోఫాలో కూర్చుని టీవీలో ఎవరో కారు మలుపు తిప్పడం చూసినా, అది ఠపీమని నేలని తొక్కేది. సోఫా ముందు తివాచీ రెండుసార్లు మార్చింది ఆయన భార్య.

కూతురికి పద్దెనిమిది నిండాయి. పోయిన నెలే మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది. పక్క ఊళ్లో రక్తపరీక్షల లాబులో శిక్షణ ఉద్యోగం సోమవారం మొదలు. పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి, మొదటి బస్సేమో ఏడింటికి. కారు లేకపోతే ఉద్యోగం లేదు. అందుకని మూడు వారాలుగా ఇంట్లో కారు తప్ప ఇంకో మాట లేదు. అమ్మాయికి రోడ్డు మీద వెళ్తుంటే జనం తిరిగి చూసే స్పోర్ట్స్ కారు కావాలి. మాస్టారికి బీరువాకి చక్రాలు బిగించినట్టుండేది కావాలి. ఇద్దరి పోరూ పడలేక చివరికి భార్యే తీర్పు చెప్పింది.

"చూడ్డానికి పరుగెత్తేట్టుండాలి, ఎక్కితే నడవాలి. అలాంటిది వెతకండి."

అలాంటిది దొరికింది. హెడ్మిస్ట్రెస్ గారి కారుకి రెండే తలుపులు, ఏటవాలు కప్పు, ముందుకు దూకబోతున్నట్టుండే ముక్కు. లోపల ఇంజను మాత్రం చిన్నది, నెమ్మదైనది. ఆవిడ తాళాలిస్తూ ఒకటే షరతు పెట్టింది. ఇరవై ఆరేళ్లలో దీనికి ఒక్క గీత పడలేదని, ఐదింటికి ఇంకొకాయన చూడ్డానికి వస్తున్నాడని, అప్పటికి ఇది ఇలాగే ఉండాలని చెప్పింది. ముప్పై ఏళ్లు పిల్లల్ని బెంచీలెక్కించిన గొంతు అది. మాస్టారు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు.

షెడ్డు దాకా ఆయనే నడిపాడు. దారిలో ఆయనకి ఒక దుకాణం అద్దం గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లప్పుడు ఆ అద్దానికి ముక్కు ఆనించి, లోపల నిలబెట్టిన ఇలాంటి ఎర్రకారుని రోజూ చూసేవాడు. వాళ్ల నాన్న మాత్రం ఎక్కడో వాడి వదిలేసిన బూడిదరంగు వ్యాను తెచ్చి, 'ఇది నలభై దాటదు, అదే దీని అందం' అన్నాడు. మాస్టారు ఆ వ్యానుని ఆరేళ్లు నడిపాడు. ఆ ఆరేళ్లూ పళ్లు నూరుకున్నాడు. ఇన్నాళ్లకి ఆ స్టీరింగు చేతికొచ్చేసరికి షెడ్డు రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

అదే మైకంలో కారు దిగాడు. బావమరిది కారు చుట్టూ తిరిగి చూసి, "ఎప్పటిలాగేనా బావా?" అని అడిగాడు. మాస్టారు ఆ ఎర్రటి ముక్కు వైపే చూస్తూ, "ఎప్పటిలాగే. మూడింటికల్లా అయిపోవాలి" అనేసి తన క్లాసులకి వెళ్లిపోయాడు.

బావమరిది మంచి పనివాడు. పదిహేనేళ్లుగా బావ తెచ్చిన ప్రతి కారుకీ ఎప్పటిలా ఏమేం చెయ్యాలో షెడ్డు గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్నాడు. పక్క సీటుకి బ్రేకు, రెండో అద్దం, ముందూ వెనకా నేర్చుకుంటున్నారని తెలిపే అట్టలు, కప్పు మీద బోర్డు, తలుపుల మీద రాతలు. సాధారణంగా రెండు రోజుల పని అది. బావ మూడింటికన్నాడని అన్నం కూడా తినకుండా చేశాడు.

మూడింటికి మాస్టారు కూతురితో సహా వచ్చాడు. దారి పొడుగునా కారు గురించి ఊరించి ఊరించి చెప్పాడు. షెడ్డులోకి అడుగుపెట్టగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎర్రకారు నెత్తిన పసుపుపచ్చ బోర్డు ఉంది. దాన్ని నిలబెట్టడానికి కప్పుకి రెండు చిల్లులు పొడిచారు. రెండు తలుపుల మీదా జానెడేసి తెల్లటి అక్షరాలతో 'భద్రం డ్రైవింగు స్కూలు', దాని కింద 'మీ పక్కనే ఉంటాం' అని ఉంది.

"ఈసారి అక్షరాలకి నీడ కూడా వేశాను బావా" అన్నాడు బావమరిది.

మాస్టారు కూతురి మొహం వైపు చూశాడు. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. పక్క సీటు ముందు కొత్తగా మెరుస్తున్న పెడలుని కాసేపు చూసింది.

"నేను పాసయ్యాను కదా నాన్నా" అంది మెల్లగా.

ఇది కావాలని చేయించింది కాదని, పొరపాటు జరిగిందని మాస్టారు ఒట్లు పెట్టుకున్నాడు. అది నిజమే. కానీ ఆ పెడలు చూడగానే ఆయన గుండెలో ఒక మూల చల్లబడింది, అదీ నిజమే. సోమవారం పొద్దున చీకటితో కూతురు ఒక్కతే వెళ్తుందన్న ఆలోచన వారంరోజులుగా ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. కొన్నాళ్లు పక్కన తానూ వెళ్లొచ్చు కదా అనిపించింది. ఆ ముక్క మాత్రం పైకి అనలేదు.

ముందు రాతలు చెరపాలి. బావమరిది కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. నాలుగు రుద్దులకి 'భద్రం డ్రైవింగు స్కూలు' పోయింది, దాంతోపాటు కింద ఎరుపూ పోయి తలుపు మీద గులాబిరంగు మచ్చ తేలింది. ఇంకో తలుపూ అంతే. ఇక రుద్దొద్దని మాస్టారు చేతులు అడ్డం పెట్టేసరికి 'మీ పక్కనే ఉంటాం' ఒక్కటే మిగిలింది. బోర్డు పీకుదామంటే చిల్లులు ఆకాశానికి కనిపిస్తాయి, ఉంచితేనే మర్యాదని బావమరిది సలహా. అప్పటికే నాలుగు దాటింది.

"నేను నడుపుతాను" అంది కూతురు. "నాకు కొంటున్న కారు, ఒక్కసారైనా నడపనివ్వండి."

పక్కన బ్రేకుందిగా అనుకుని మాస్టారు ఒప్పుకున్నాడు. పెడలు కాస్త వదులుగా తగిలింది. కొత్తది కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాడు.

వీధి మలుపులో దర్జీ ఎదురయ్యాడు. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటూ, ఐదుసార్లు పరీక్ష తప్పిన శిష్యుడు. శనివారం నాలుగున్నరకి ఆయన క్లాసు. మాస్టారి కాగితంలో ఆ సంగతి లేదు. బోర్డు చూడగానే దర్జీ రోడ్డుకి అడ్డంగా వచ్చి చెయ్యెత్తాడు. మాస్టారి కాలు పెడలు మీద గట్టిగా పడింది. కారు దర్జీకి రెండు అడుగుల దూరంలో బుద్ధిగా ఆగింది.

క్లాసు రేపంటే ఆయన వినలేదు. రేపు పెళ్లివారి బట్టలున్నాయి, ఇవాళ వెనక కూర్చుని చూసైనా నేర్చుకుంటానని ముందు సీటు మడిచి వెనక్కి దూరాడు. దర్జీ కాస్త భారీ మనిషి. ఆ కారు వెనక సీటు బుట్టలు పెట్టుకోవడానికే సరిపోతుంది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, మళ్లీ బయటికి రావడం ఎలాగో తెలియక ఊరుకున్నాడు.

మిగతా దారంతా మాస్టారు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. బడి ముందు తొక్కాడు, ఆగింది. సందులోంచి లారీ తలపెడితే తొక్కాడు, ఆగింది. బంతి వెనక పరుగెత్తుకొచ్చిన పిల్లని చూసి తొక్కాడు, అంతకంటే మెత్తగా ఆగింది. ఎన్నో కార్లకి బ్రేకులు బిగించాడు గానీ ఇంత చక్కటి పని బావమరిది ఎన్నడూ చెయ్యలేదని మాస్టారు మనసులో మెచ్చుకున్నాడు. చెరిగిన తలుపుల సంగతి కూడా కాసేపు మరిచిపోయాడు.

హెడ్మిస్ట్రెస్ గారి గుమ్మం ముందు ఇంకొకాయన అప్పటికే వచ్చి నిలబడ్డాడు. బోర్డు చూశాడు, మచ్చలు చూశాడు, వెనక సీట్లోంచి నమస్కారం పెడుతున్న దర్జీని చూశాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, జవాబు పత్రం దిద్దుతున్నట్టు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తలుపు మీద రాత చదివింది. మాస్టారు ప్రాణాలు ఉగ్గబట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేసి, కారు ఏ ధరకైనా తామే తీసుకుంటామన్నాడు. ఆవిడ విన్నదో లేదో తెలియలేదు. పక్క సీటు తలుపు తీసి పెడలు వైపు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత వంగి, పెడలు కింద నేల మీద పరిచిన రబ్బరు పట్టా అంచు పైకెత్తింది. అక్కడ రబ్బరు అరిగి, మడమంత చిల్లు పడి ఉంది.

"మా ఆయన అరగ్గొట్టింది" అంది. "ఆయనకి డ్రైవింగు రాదు. నేను నడుపుతుంటే పక్కన కూర్చుని ఇరవై ఏళ్లు ఇక్కడ తొక్కారు. తొక్కినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన పోయి ఆరేళ్లయింది. అప్పట్నించీ మలుపు వస్తే చాలు, ఆ కాలి చప్పుడు కోసం చూస్తాను. అందుకే అమ్మేద్దామనుకున్నాను."

మాస్టారికి తన పాత వ్యాను గుర్తొచ్చింది. బూడిదరంగు వ్యానులో పక్క సీటు కింద రేకు సొట్టపోయి ఉండేది. ఆ సొట్ట వాళ్ల నాన్నది. నాన్న పోయాక మొదటిసారి ఒంటరిగా ఆ వ్యాను నడిపిన రోజు ఒక మలుపులో ఆ సొట్ట వైపు చూసి, రోడ్డు పక్కన బండి ఆపేసి చాలాసేపు ఏడ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. కళ్లు తుడుచుకున్నాడంతే.

హెడ్మిస్ట్రెస్ గారు పక్క సీట్లో కూర్చుని, ఒకసారి అలా తిప్పి తీసుకురమ్మని అమ్మాయికి చెప్పింది. కారు వెళ్లిపోయింది. మాస్టారు రోడ్డు మీద ఒక్కడే మిగిలిపోయాడు. ఇరవై నిమిషాలు ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

తిరిగి వచ్చాక ఆవిడ తాళాలు కూతురి చేతిలో పెట్టింది.

"కారు ఈ అమ్మాయికే ఇస్తున్నాను. దారంతా ఆ పెడలు నా కాలి కిందే ఉంది. తొక్కాల్సిన పనే పడలేదు."

వెనక సీట్లోంచి దర్జీని బయటికి లాగడానికి ముగ్గురూ కావలసొచ్చింది. ఇవాళ్టి క్లాసు చాలా బాగుందని, ఇలా చూస్తే ఇంకా త్వరగా వస్తుందని ఆయన చెప్పి వెళ్లాడు.

ఇంటికొచ్చేసరికి వసారాలో ఫోను మోగుతోంది. భార్య తీసింది, తమ్ముడే. కాసేపు విని, ఫోను చేత్తో మూసి, మాస్టారి వైపు తిరిగింది.

"ఏమండీ, ఆ పక్క బ్రేకుని నమ్ముకోవద్దంటున్నాడు. మూడింటికల్లా కావాలన్నారని పెడలు మాత్రం బిగించాడట. అసలు బ్రేకుకి కలపనే లేదు. దీనికి సరిపోయే కేబులు సోమవారం వస్తుందట."

మాస్టారు అలాగే కుర్చీలో కూలబడ్డాడు. దర్జీ, బడి, లారీ, బంతి వెనక పిల్ల. ఒక్కొక్కటీ మళ్లీ తలచుకున్నాడు. తర్వాత తన కాలి వైపు చూసుకున్నాడు. కూతురు మంచినీళ్లు తాగుతోంది.

"ఆ లారీ దగ్గర నువ్వే ఆపావా అమ్మా?"

"మరి ఇంకెవరు ఆపుతారు నాన్నా?"

ఆ కేబులు సోమవారం వచ్చిందట. బావమరిది షెడ్డులో ఇప్పటికీ మేకుకి వేలాడుతూనే ఉంది. బోర్డు పీకి చిల్లులకి మాటు వేయించారు. తలుపులకి కొత్త రంగు వేయిస్తానంటే మాత్రం కూతురు ఒప్పుకోలేదు, మిగిలిన ఆ రాత అలాగే ఉండనీమంది.

సోమవారం తెల్లవారుతుండగా కూతురు ఒక్కతే కారులో బయల్దేరింది. మాస్టారు గుమ్మంలో నిలబడి చూశాడు. కారు వీధి చివరి మలుపు దగ్గరికి వెళ్తుండగా ఆయన కాలు గుమ్మం మెట్టుని ఒక్కసారి గట్టిగా తొక్కింది. అక్కడ కారు ఆగి, అటూ ఇటూ చూసుకుని, నెమ్మదిగా తిరిగింది. ఆయన లోపలికి వచ్చి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"బ్రేకు బాగానే పనిచేస్తోంది" అన్నాడు భార్యతో.